తొలి గుడ్లు చిన్నవైతే పెట్టలకు జబ్బా?

ప్రశ్న: మాది చంద్రగిరి దగ్గర పల్లె. పెరట్లో గ్రామప్రియ పెట్టల్ని పెంచుతున్నాను. ఐదున్నర నెలలకు గుడ్లకొచ్చాయి గానీ గుడ్లు మరీ చిన్నవి. మొన్న ఒకదాంట్లో పచ్చసొనే లేదు. తిరుపతిలో గుడ్లు తీసుకునే అంగడాయన సగం రేటే ఇస్తానంటున్నాడు. ఇదేమైనా జబ్బా? రాత్రిపూట బల్బు వేస్తే గుడ్డు పెరుగుతుందా?
– ఒక పాఠకురాలు

జవాబు: జబ్బు కాదమ్మా, టెన్షన్ పడకండి. గుడ్డు సైజుకు మూలం పచ్చసొన. కొత్తగా గుడ్లకొచ్చిన పెట్టలో సొన చిన్నగా తయారవుతుంది, దాని చుట్టూ చేరే తెల్లసొనా తక్కువే, అందుకే మొదట్లో గుడ్డు 40-45 గ్రాములు తూగినా ఆశ్చర్యం లేదు. వారాలు గడిచేకొద్దీ సొన పెరిగి, గుడ్డు 55 గ్రాముల దాకా వస్తుంది. మీ గ్రామప్రియ పెరటి పెంపకానికి తీసిన మేలురకం కోడి. అచ్చమైన నాటుకోడి గుడ్డు మాత్రం ఎప్పటికీ చిన్నదే, దాంతో పోల్చుకోకండి.

సొన లేని గుడ్డు కూడా ఈ వయసులో మామూలే. గుడ్డు నాళంలోకి సొనకు బదులు పెట్ట ఒంట్లోని చిన్న కండముక్క జారినా దాని చుట్టూ తెల్లసొన, పెంకు పట్టేస్తాయి. రేపో మాపో రెండు సొనల గుడ్డు పడినా కంగారు పడొద్దు. ఒక గుడ్డు పగలగొట్టి పెంకు చూడండి, గట్టిగా ఉంటుంది. ముసలి కోడి పెట్టే పెద్ద గుడ్డుకే పెంకు పలచన.

బల్బు సంగతి మాత్రం గట్టిగా చెప్తున్నా, దాంతో గుడ్డు పెరగదు. ఒళ్ళు నిండని పెట్టల్ని వెలుతురు పెంచి తొందరగా గుడ్లకు తెస్తే చాలాకాలం చిన్న గుడ్లే పెడతాయి, కొన్నిటికి గుడ్డు అడ్డం పడి ప్రాణం మీదికొస్తుంది. తర్వాతి బ్యాచ్‌కూ ఆ పని చేయకండి. ఇప్పుడు కావలసింది మేత. ఉత్త నూకలు, తవుడు పెడుతుంటే మాంసకృత్తులు చాలవు, గుడ్లకొచ్చాయి కాబట్టి లేయర్ దాణాకు, అంటే గుడ్లు పెట్టే కోళ్ళకని తయారుచేసే మేతకు మారండి. సున్నపురాయి గుళికలు విడిగా గిన్నెలో పెట్టండి, వాటికి కావలసినంత అవే తింటాయి. మన ఎండలకు కోళ్ళు మేత తగ్గించేస్తాయి, దాంతో గుడ్డూ చిన్నదవుతుంది, కాబట్టి వేసవిలో పొద్దున్నే, సాయంత్రం చల్లబడ్డాక దాణా వేసి నీడలో చల్లటి నీళ్ళు ఉంచండి.

అంగడాయన్ని కిలో లెక్కన తీసుకోమని అడిగి చూడండి, లేదంటే ఈ నెలా రెండు నెలలు ఇంట్లో పిల్లలకే పెట్టండి. పెంకు మెత్తబడినా, పెట్టలు మేత మానేసి ముడుచుకు కూర్చున్నా ఆలస్యం చేయకుండా పశువుల డాక్టరుకు చూపించండి.