ఫైర్ సేఫ్టీ కాంట్రాక్ట్ ఇచ్చేశాక కూడా బాధ్యత సెక్రటరీదేనా?

ఏటా డబ్బు కట్టి ఒక కంపెనీకి కాంట్రాక్ట్ ఇచ్చాం, రేపు ఏదైనా జరిగితే కేసు వాళ్ల మీదే కదా, కొత్తగా సెక్రటరీ అయిన నేనెందుకు టెన్షన్ పడాలి అని అడిగారు. నాలుగేళ్లు అపార్ట్‌మెంట్ అసోసియేషన్ సెక్రటరీగా చేశాను కాబట్టి చెబుతున్నాను. పని అప్పగించవచ్చు, బాధ్యత అప్పగించలేం. చట్టాలు దేశాన్ని బట్టి మారతాయి గానీ, భవనం ఎవరి అజమాయిషీలో ఉందో వాళ్లను అడగడం చాలాచోట్ల ఉన్నదే.

1997లో ఢిల్లీ ఉపహార్ సినిమా హాల్లో 59 మంది చనిపోయారు. నిప్పు పుట్టింది కింద పార్కింగ్ దగ్గరున్న ట్రాన్స్‌ఫార్మర్‌లో. అది విద్యుత్ సంస్థది. కానీ బాల్కనీలో అదనపు సీట్లు వేసి ఒక వైపు దారి మూసేసింది హాలు వాళ్లే. పొగలో జనం బయటపడలేకపోయారు. యజమానులకూ శిక్ష పడింది.

మా బిల్డింగ్‌లో నాకు కళ్లు తెరిపించింది ఒక తలుపు. కరెంటు పోయి లిఫ్ట్ ఆగితే మెట్లెక్కుతున్నాను. నాలుగో అంతస్తులో, మంటా పొగా మెట్ల మీదకి రాకుండా ఆపే ఫైర్ డోర్‌కి ఎవరో ఇటుక అడ్డం పెట్టారు. తీసి వదిలాను. తలుపు మెల్లగా వచ్చి, మూసుకోకుండా బెత్తెడు దూరంలో ఆగిపోయింది. తలుపుని దానంతటదే మూసే పైనున్న క్లోజర్‌లోంచి నూనె కారి తలుపు మీద నల్లటి చార కట్టింది. పొగ మెట్ల మీదకి రావడానికి ఆ సందు చాలు. వారం క్రితమే ‘అన్నీ సరిగ్గా ఉన్నాయి’ అన్న రిపోర్ట్ మీద నేను సంతకం పెట్టాను! కాంట్రాక్టర్‌ని నిలదీస్తే, “సార్, మా కాంట్రాక్ట్‌లో అలారం, మంటలార్పే సిలిండర్లే ఉన్నాయి, తలుపులు లేవు” అన్నాడు. తీసి చదివితే నిజమే. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

కాబట్టి ముందు మీ కాంట్రాక్ట్ చదవండి. అందులో ఏముందో కన్నా ఏం లేదో చూడండి. వాళ్లు చెకింగ్‌కి వచ్చినప్పుడు పక్కనే తిరగండి. అలారం వారానికోసారి, ప్రతిసారీ వేరే అంతస్తు బటన్‌తో మోగించి చూడాలి. ఎమర్జెన్సీ లైట్లు నెలకోసారి. సిలిండర్లకి ఏటా సర్వీసింగ్ ఉన్నా, ప్రెషర్ మీటర్ ఉన్నవాటిలో ముల్లు ఆకుపచ్చ గీతలో ఉందో లేదో మధ్యలో మీరే చూసుకోవచ్చు. తేదీతో సహా రిజిస్టర్‌లో రాయండి. చూడనిది మాత్రం రాయకండి.

అన్నిటికన్నా కష్టం మెట్ల మీది సామాన్లు. సైకిళ్లు, చెప్పుల స్టాండ్లు, పాత సోఫా. పొరుగువాళ్లతో గొడవెందుకని నేను రెండు నెలలు ఊరుకున్నాను, అది తప్పే. తెలిసీ ఏం చేశావని రేపు అడిగితే, మొహమాటపడ్డానని చెప్పలేం కదా. తర్వాత నోటీసు ఇచ్చి, మీటింగ్ మినిట్స్‌లో రాయించి, గడువు పెట్టి తీయించాను. ఇద్దరు ఇప్పటికీ మాట్లాడరు.

ఇంకొకటి, మెట్లు దిగలేనివాళ్ల జాబితా. మా ఐదో అంతస్తులో ఒక పెద్దావిడ వాకర్‌తో నడుస్తారు. డ్రిల్ రోజు అందరూ కిందికి వచ్చేశాక గానీ ఆవిడ పైనే ఉన్నారని ఎవరికీ తట్టలేదు. ఇప్పుడు ఆవిడని కిందికి దించే పని పక్క ఫ్లాట్లవాళ్లు ఇద్దరు ఒప్పుకున్నారు. ఒకరు ఊరెళ్తే గ్రూపులో చెప్పి వెళ్తారు. మీ దగ్గర అలాంటివాళ్లు ఎవరున్నారో ఈ వారమే అడిగి రాసుకోండి.