ట్రాఫిక్ తక్కువే, స్విచ్‌కి మాత్రం ఊపిరాడట్లేదు

ప్రశ్న: మా ఆఫీసు కోర్ స్విచ్ (నెట్‌వర్క్ అంతా కలిసే ప్రధాన స్విచ్) సీపీయూ రోజుకి రెండు మూడు సార్లు 95 శాతం దాటుతోంది. లింకుల మీద చూస్తే ట్రాఫిక్ పెద్దగా లేదు. ఆ టైములో లాగిన్ అవదు, ఓఎస్‌పీఎఫ్ (రౌటర్లు ఒకదానికొకటి దారులు చెప్పుకునే పద్ధతి) పడి లేస్తోంది. పెద్ద స్విచ్ కొనాలా?

జవాబు: ఇప్పుడే వద్దండీ. మామూలు డేటా దాదాపు అంతా ఏసిక్ అనే ప్యాకెట్లు పంపే ప్రత్యేక చిప్పులోంచే వెళ్లిపోతుంది, సీపీయూ దాని ముఖం కూడా చూడదు. సీపీయూ గడప తొక్కేవి ఏఆర్‌పీ (ఈ ఐపీ అడ్రస్ ఎవరిదని అడిగే ప్యాకెట్లు), స్పానింగ్ ట్రీ (ప్యాకెట్లు గుండ్రంగా తిరక్కుండా చూసేది), ఓఎస్‌పీఎఫ్ హలోలు (నేనున్నానని చెప్పే పలకరింపులు), మీ లాగిన్ లాంటివి. ఎవరో ఒక కేబుల్ రెండు చివర్లూ బల్ల కింది చిన్న స్విచ్‌లోనే గుచ్చారనుకోండి, అదే లూప్ (నవ్వకండి, చాలాసార్లు కథ ఇదే), ఏఆర్‌పీ బ్రాడ్‌కాస్టులు (అందరికీ వెళ్లే ప్యాకెట్లు) అందులోనే గిరగిరా తిరిగి వరదలా వచ్చి పడతాయి, ఆ తోపులాటలో హలోలు నలిగిపోతాయి. ఈథర్‌నెట్ మీద ఓఎస్‌పీఎఫ్ మామూలుగా 10 సెకన్లకో హలో పంపుతుంది, 40 సెకన్ల పాటు ఒక్కటీ అందకపోతే పక్క రౌటర్ పోయిందని తేల్చేస్తుంది.

దీనికి మందు కంట్రోల్ ప్లేన్ పోలీసింగ్. ఒక్కో రకం ప్యాకెట్లకి ఒక్కో హద్దు పెడతాం, దాటినవి సీపీయూని చేరకముందే హార్డ్‌వేర్ పారేస్తుంది. సిస్కో నెక్సస్‌లో అయితే స్ట్రిక్ట్, మోడరేట్, లీనియంట్, డెన్స్ అని రెడీమేడ్ పాలసీలే ఉన్నాయి. ఏదైనా సరే, ముందు ఓ వారం మామూలు రోజుల డ్రాప్ కౌంటర్లు (ఎన్ని ప్యాకెట్లు పారేసిందో చెప్పే లెక్క) చూసి, తర్వాతే అంకెలు మార్చండి. ఏఆర్‌పీని మరీ బిగిస్తే అసలైన మెషీన్లకే గేట్‌వే (బయటి నెట్‌వర్క్‌కి వెళ్లే దారి) దొరకదు, ఆ టెన్షన్ ఇంకోటి.

లూప్ వెతకడం మాత్రం తప్పదు. యూజర్ పోర్టులన్నిట్లో బీపీడీయూ గార్డ్ (స్పానింగ్ ట్రీ ప్యాకెట్ వస్తే ఆ పోర్టు మూసేది), స్టార్మ్ కంట్రోల్ (బ్రాడ్‌కాస్టులకి హద్దు పెట్టేది) ఈరోజే పెట్టేయండి.