బండి స్టార్ట్ కాకపోతే ముందు చెవి పెట్టు

అమ్మాయీ,

ఆశీస్సులు. కారు మొరాయించగానే చాలామంది తాళం తిప్పుతూనే ఉంటారు. బ్యాటరీలో మిగిలిన కాస్త చార్జీ దానికే పోతుంది, సెల్ఫ్ మోటారు వేడెక్కుతుంది. ఒక్కోసారి ఐదు సెకన్లకు మించి సెల్ఫ్ కొట్టకు, మళ్లీ కొట్టేముందు అర నిమిషం ఆగు. మూడుసార్లకూ అందుకోకపోతే తాళం తీసెయ్యి.

ఏం శబ్దం వచ్చిందో గుర్తు చేసుకో. టకటకమని వరసగా కొట్టుకుంటూ లైట్లు మసకబారితే చార్జీ లేదు, లేదా టెర్మినల్ (బ్యాటరీ మీద వైరు బిగించే కొన) వదులైంది. ఒక్కటే 'టక్' మని, హెడ్‌లైట్లు తగ్గకుండా వెలుగుతుంటే అనుమానం సెల్ఫ్ మోటారు మీద. అసలు చప్పుడే లేకపోతే క్లచ్ పూర్తిగా తొక్కావా, ఆటోమేటిక్ అయితే గేరు పీ (పార్క్)లో ఉందా చూడు.

కొత్త బ్యాటరీకి డబ్బులు పెట్టేముందు బోనెట్ ఎత్తి టెర్మినళ్లు చూడు. తెల్లగానో పచ్చగానో పొడి పేరుకుంటే కరెంటు సరిగా దాటదు. చాలా బళ్లకు పదో నంబరు పానా సరిపోతుంది. ముందు మైనస్ విప్పు, తర్వాతే ప్లస్. మైనస్ బాడీకి కలిసి ఉంటుంది కాబట్టి, ముందే ప్లస్ విప్పబోతే పానా ఎక్కడైనా ఇనుముకు తగిలి నిప్పులు చిమ్ముతాయి. గ్లాసుడు గోరువెచ్చని నీళ్లలో చెంచాడు వంటసోడా కలిపి పాత టూత్‌బ్రష్‌తో రుద్దు. ఆ నీళ్లు బ్యాటరీ మూతల్లోకి పోనివ్వకు. ఆరాక ప్లస్ ముందు, మైనస్ ఆఖర్న బిగించు. చేత్తో తిప్పి చూస్తే క్లాంపు, అంటే టెర్మినల్‌ను పట్టుకునే బిగింపు, కదలకూడదు. పైన కాస్త వాజిలీన్ రాయి.

ఇంట్లో వోల్టులు కొలిచే మల్టీమీటరు ఒకటి ఉండాలి. రాత్రంతా ఆగిన బండికి 12.6 వోల్టులు చూపిస్తే బ్యాటరీ నిండుగా ఉన్నట్టు, 12 దగ్గరుంటే చాలావరకు ఖాళీ. ఇంజన్ నడుస్తుండగా మామూలుగా 13.5 నుంచి 14.5 వరకు రావాలి. 12 దగ్గరే ఆగిపోతే తప్పు చాలావరకు ఆల్టర్నేటర్‌ది, అంటే ఇంజన్ నడిచేటప్పుడు బ్యాటరీని చార్జి చేసే భాగానిది, కొత్త బ్యాటరీ వేసినా అదీ దిగిపోతుంది.

సెల్ఫ్ జోరుగా తిరుగుతూ ఇంజన్ అందుకోకపోతే పెట్రోలు వైపు వెళ్లు. తాళం ఆన్‌లో పెట్టగానే వెనక సీటు కింద రెండు సెకన్లు సన్నటి మోత వినపడాలి, అది పంపు. వినపడకపోతే ఫ్యూజు చూడు. సీఎన్‌జీ బళ్లు చాలావరకు పెట్రోలు మీదే స్టార్ట్ అవుతాయి, గ్యాసు ఉంది కదా అని ట్యాంకు ఎండబెట్టకు. డ్యాష్‌బోర్డు మీద తాళం బొమ్మ మెరుస్తూ ఉంటే బండి ఆ తాళాన్ని గుర్తుపట్టడం లేదేమో, రెండో తాళంతో ప్రయత్నించు. వానాకాలంలో ఎలుకలు వైర్లు కొరుకుతాయి, అదీ చూడు.

ఒక్క సందర్భంలో మాత్రం తాళం ముట్టనే వద్దు. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి విజయవాడ కాలనీల్లో చేరినట్టు, బండిలోకి నీళ్లు వచ్చిన రోజు. సిలిండర్‌లో చేరిన నీరు గాలిలా నొక్కుకుపోదు, పిస్టన్ దాన్ని గుద్దితే దాన్ని ఆడించే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది, ఇంజన్ మొత్తం విప్పాల్సి వస్తుంది. పైగా నీళ్లలో మునిగాక స్టార్ట్ చేసి చెడగొట్టారని బీమా కంపెనీ పేచీ పెట్టవచ్చు. నీరు తీశాక బ్యాటరీ మైనస్ విప్పి, ఎంతవరకు మునిగిందో ఫొటోలు తీసి, బండిని ట్రక్కు మీద ఎక్కించి షెడ్డుకు పంపు.

మామయ్య