కారు తెర దారి తప్పిస్తే కంపెనీని అడగొచ్చా?

ప్రశ్న: వకీలు గారూ, మాది మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లా సిరొంచ తాలూకాలో అంకీసా వైపు పల్లె. పద్నాలుగు నెలల క్రితం కరీంనగర్‌లో 11 లక్షల 60 వేలకు కారు కొన్నాను. కంపెనీ నావిగేషన్ ఉంటుందని 85 వేలు ఎక్కువ పెట్టి పై మోడల్ తీసుకున్నాను. మూడేళ్లు మ్యాప్ అప్‌డేట్ ఉచితమని బ్రోషర్‌లో ఉంది, ఇంతవరకు ఒక్కటీ రాలేదు. హైవే కొత్తగా మలుపు తిరిగిన చోట బాణం చేలల్లో నడుస్తుంది. సిరొంచ బస్టాండు దగ్గర కూడా ఒక్కోసారి అరకిలోమీటరు అవతల చూపిస్తుంది. మొన్న రాత్రి అమ్మకు ఆయాసం వస్తే వరంగల్‌కు బయలుదేరాం. బండి నడిపింది నాగ్‌పూర్‌లో ఉండే మా బావమరిది. నేను వెనక అమ్మను పట్టుకుని కూర్చున్నాను. తెర చెప్పినట్టే పోతే మేడిగడ్డ బరాజ్ దగ్గర తేలాం, అక్కడ రాకపోకలు బంద్. తిరిగి కాళేశ్వరం వంతెనకు వచ్చేసరికి గంటకు పైగా పోయింది. షోరూం వాళ్లను అడిగితే, ఆన్ చేసినప్పుడు ‘ఒప్పుకుంటున్నాను’ అని నొక్కారు కదా, మాకు బాధ్యత లేదంటున్నారు. చంద్రపూర్‌లో ఇది చెప్పిన దారిలో పోతే నో ఎంట్రీ చలాన్ కూడా పడింది. కారు డబ్బు మొత్తం వాపసు అడగొచ్చా?

జవాబు: అమ్మగారు ఎలా ఉన్నారో మీరు రాయలేదు. కోలుకున్నారనే అనుకుంటున్నాను.

మీ కారుకు ఉన్నది ఒక జబ్బు కాదు, రెండు. వాటిని కలిపేసి దావా వేస్తే మొదటి వాయిదాలోనే కంపెనీ వకీలు తప్పించుకుంటాడు. ఉపగ్రహాల నుంచి తాను ఎక్కడున్నదీ తెలుసుకున్నాక, యంత్రం ఆ చోటును తన మ్యాప్‌లో దగ్గరగా ఉన్న రోడ్డుకు అతికించి చూపుతుంది. కొత్త రోడ్డు మ్యాప్‌లో లేకపోతే బాణం పాత రోడ్డుకు జారుతుంది, లేదా పొలంలో నిలబడుతుంది. యంత్రం బాగానే ఉంది, మ్యాప్ పాతబడింది. బస్టాండు ముందు రోడ్డు అలా కాదు, ఎన్నో ఏళ్లుగా ఉన్నదే. అక్కడ కూడా అరకిలోమీటరు తేడా వస్తోందంటే యాంటెన్నానో యూనిట్‌నో అనుమానించాలి. అది వస్తువులోనే లోపం. అప్‌డేట్ ఇస్తామని డబ్బు తీసుకుని ఇవ్వకపోవడం సేవలో లోపం. 2019 వినియోగదారుల రక్షణ చట్టం రెండింటికీ దారి చూపింది, కానీ రుజువులు వేరు.

అందుకని ముందు ఒక పని చేయండి. పట్టపగలు, మబ్బు లేనప్పుడు, బస్టాండు నుంచి ఆలాపల్లి రోడ్డు మీద పది కిలోమీటర్లు వెళ్లండి. బండి ఇంకొకరు నడపాలి, మీరు పక్క సీట్లో కూర్చుని ఫోన్‌తో వీడియో తీయాలి. కారు తెర, అద్దంలోంచి కనిపించే కిలోమీటరు రాయి ఒకే ఫ్రేములో పడాలి. మ్యాప్ వెర్షన్ చూపే సెట్టింగ్స్ పేజీ ఫొటో కూడా తీసి పెట్టుకోండి, అప్‌డేట్ రాలేదనడానికి అంతకు మించిన సాక్ష్యం లేదు. తర్వాత సర్వీస్ సెంటర్‌లో జాబ్ కార్డు (బండికి చేయాల్సిన పని రాసే కాగితం) మీద మీ ఫిర్యాదు మీ మాటల్లోనే రాయించండి. ‘కస్టమర్‌కు వివరించాం’ అని రాసిన కాగితం మీద మాత్రం సంతకం పెట్టకండి. ఆ ఒక్క వాక్యంతో కేసులు బలహీనపడటం చాలాసార్లు చూశాను.

‘ఒప్పుకుంటున్నాను’ అన్న మీటకు భయపడకండి. రోడ్డు చూసుకుని నడపండి అని అది డ్రైవరుకు చేసే హెచ్చరిక. బ్రోషర్‌లో ఇచ్చిన మాటను అది రద్దు చేయలేదు. అయితే ఆ షరతే అన్యాయమని సవాలు చేస్తూ పోకండి. అన్యాయపు ఒప్పందాల ఫిర్యాదు జిల్లా వినియోగదారుల కమిషన్ వినదు, రాష్ట్ర కమిషన్‌కు పోవాలి. మీకు అంత దూరం అనవసరం.

కారు మొత్తం వెనక్కి ఇస్తామంటే కమిషన్ ఒప్పుకోదు. 2006లో ఒక కారు క్లచ్ కేసులో, పాడైన భాగం బాగుచేయడమో మార్చడమో కంపెనీ బాధ్యత, బండి మొత్తం మార్చమనలేమని సుప్రీంకోర్టు చెప్పింది. మీరు అడగాల్సింది యూనిట్ మార్పిడి, ఆగిపోయిన అప్‌డేట్లు. అవి కుదరకపోతే మీరు అదనంగా కట్టిన 85 వేలు వడ్డీతో సహా, పైన ఖర్చులు, మనోవేదనకు పరిహారం.

ఆ రాత్రి సంగతి నన్ను కలవరపెట్టింది. 2023 అక్టోబర్ 21న మేడిగడ్డ బరాజ్ పిల్లర్లు కుంగాక దాని మీది వంతెనపై రాకపోకలు ఆపేశారు. కొనుగోలు తర్వాత ఒక్క అప్‌డేట్ వచ్చి ఉన్నా ఆ దారి మూసినట్టు తెలిసేదని మీరు వాదించవచ్చు. దాన్ని మనోవేదన కింద తప్పక రాయండి. కానీ కేసు మొత్తం దాని మీద నిలబెట్టకండి, ‘మూసిన దారి దగ్గర బోర్డు చూడలేదా’ అన్న ప్రశ్న వస్తుంది. 2024 నవంబర్‌లో ఉత్తరప్రదేశ్‌లో రామగంగ మీద తెగిన వంతెన నుంచి కారు పడి ముగ్గురు చనిపోయినప్పుడు, దారి చూపిన మ్యాప్ సంస్థ ప్రతినిధితోపాటు, ఆ వంతెనకు అడ్డం కట్టని ఇంజనీర్ల మీదా పోలీసులు కేసు పెట్టారు. తప్పు ఒక్కరి దగ్గరే ఉండదని చట్టం చూస్తుంది.

కరీంనగర్‌లో కొన్నా, మీరు ఉండే జిల్లాలోనే ఫిర్యాదు వేసే హక్కు 2019 చట్టంతో వచ్చింది. మన గడ్చిరోలి ‘గ్రాహక్ మంచ్’, అంటే జిల్లా వినియోగదారుల కమిషన్, చాలు. 50 లక్షల లోపు కొనుగోళ్లన్నీ జిల్లా కమిషన్‌వే. మీ ధరకు ఫీజు 400 రూపాయలు. సిరొంచ నుంచి గడ్చిరోలి రెండువందల కిలోమీటర్ల పైమాటే కాబట్టి ఆన్‌లైన్‌లో దాఖలు చేసి, వీడియో ద్వారా విచారణకు అర్జీ పెట్టుకోండి. యూనిట్‌ను పరీక్షకు పంపమని అందులోనే కోరండి. కమిషన్ ల్యాబుకు పంపిస్తే 45 రోజుల్లో నివేదిక రావాలి, పరీక్ష ఖర్చు ముందు మీరే కట్టాలి. గడువు రెండేళ్లు. కొన్న రోజు నుంచి లెక్కేసుకుంటే మీకు పది నెలలే మిగిలాయి, వాయిదా వేయకండి.

చలాన్ మాత్రం మీదే. మోటారు వాహనాల చట్టం 119 సెక్షన్ ప్రకారం బోర్డును పాటించాల్సింది డ్రైవరు, తెర కాదు. అక్కడ బోర్డే లేకపోయినా, చెట్టుకొమ్మల వెనక దాగి ఉన్నా ఫొటో తీసి అభ్యంతరం చెప్పండి. చెప్పేవరకు డబ్బు కట్టకండి, కడితే ఒప్పుకున్నట్టే.

ముందుగా షోరూంకు, తయారీ కంపెనీకి ఇద్దరికీ పదిహేను రోజుల గడువుతో స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. వాళ్లు ఏమన్నారో నాకు రాయండి. జవాబు రాకపోయినా రాయండి.