పాఠకుల ప్రశ్నలు – జవాబులు: విశాఖలో ఒక్క రోజు

ప్రశ్న: జనవరిలో కుటుంబంతో విశాఖపట్నం వెళ్తున్నాం. అరకు ప్రయాణం పోను నగరం చూడడానికి మాకు ఒక్క రోజే మిగులుతుంది. సింహాచలం, కైలాసగిరి, జూ, సబ్‌మెరైన్, యారాడ, రుషికొండ, తొట్లకొండ, ఎర్రమట్టి దిబ్బలు, భీమిలి అన్నీ ఆ రోజే గైడుతో సహా చూపిస్తామని ఒక ట్రావెల్ ఏజెంటు చెబుతున్నారు. మా అత్తగారికి మోకాళ్ల నొప్పులు. పిల్లలిద్దరూ హైస్కూల్లో చదువుతున్నారు. ఇది కుదిరే పనేనా?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: కుదరదండీ. యారాడ నగరానికి దక్షిణ కొసన, భీమిలి ఉత్తర కొసన, సింహాచలం సముద్రానికి దూరంగా కొండల మధ్య ఉన్నాయి. ఈ మూడు దిక్కులూ ఒకే రోజు తిరిగితే పిల్లలకు గుర్తుండేది కారు కిటికీ మాత్రమే. నా మాట వింటే, భీమిలి వైపు వెళ్లే బీచ్ రోడ్డు ఒక్కటే పెట్టుకోండి. ప్రకృతి వేల ఏళ్లుగా చేసిన పనీ, మనుషులు రెండు వేల ఏళ్లుగా వదిలి వెళ్లిన గుర్తులూ ఆ ఒక్క దారిలోనే వరుసగా కనిపిస్తాయి.

తెల్లవారగానే బయలుదేరి ముందు ఎర్రమట్టి దిబ్బలకు వెళ్లండి. సముద్రం తూర్పున ఉంది కాబట్టి ఉదయపు ఎండ దిబ్బల మీద ఏటవాలుగా పడి, వాన నీరు కోసిన ప్రతి గాడీ విడివిడిగా కనిపిస్తుంది. పొద్దెక్కితే ఆ అందమూ ఉండదు, ఇసుక మీద నడవడమూ కష్టమే. అక్కడినుంచి భీమునిపట్నం దగ్గరే. పదిహేడో శతాబ్దంలో డచ్చివారు వర్తకానికి స్థావరం ఏర్పరచుకున్న ఈ ఊరు 1861లోనే మునిసిపాలిటీ అయింది. డచ్చి సమాధుల తోట, గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు చూసుకుని, అక్కడే భోజనం చేసి, అత్తగారికి కాస్త విశ్రాంతి ఇవ్వండి.

తిరుగు ప్రయాణంలో, ఎండ తగ్గాక, తొట్లకొండ ఎక్కండి. వాహనం కొండ మీది దాకా వెళ్తుంది కనుక అత్తగారు కూడా నిరభ్యంతరంగా రావచ్చు. ఈ ఒక్క చోట మాత్రం సమయానికి వెనుకాడవద్దని నా విన్నపం. 1970ల దాకా లోకం మరిచిపోయిన ఈ బౌద్ధారామంలో 1988 నుంచి 1993 వరకు రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వకాలు జరిపితే స్తూపాలు, ప్రార్థనకు వాడిన చైత్య గృహాలు, భిక్షువులు నివసించిన గదుల వరుసలు, వంటశాల, భోజనశాల బయటపడ్డాయి. కొండకు పేరు తెచ్చిన తొట్ల దగ్గర పిల్లలను కాసేపు నిలబెట్టండి. బావి తవ్వితే నీళ్లు పడతాయన్న భరోసా లేని కొండ నెత్తిన, రాతినే తొలిచి, వాన నీటిని పట్టి దాచుకుని అంతమంది భిక్షువులు ఎలా బతికారో అక్కడ వేరే వివరణ లేకుండానే అర్థమవుతుంది. ఆ తవ్వకాల్లో శాతవాహనుల సీసపు నాణేలతో పాటు రోమన్ వెండి నాణేలు కూడా దొరికాయి. కొండ మీద నుంచి సముద్రం వైపు చూస్తే, ఆరామానికీ ఓడల వర్తకానికీ ఉన్న సంబంధం కళ్లకు కట్టినట్టు తెలుస్తుంది.

కొండ దిగాక, మంగమారిపేట తీరంలోని సహజ శిలా తోరణం పోటు లేని వేళ అయితేనే చూడండి. అక్కడి రాళ్లు పాచి పట్టి జారుతాయి కనుక అత్తగారు ఒడ్డునే ఉండడం మంచిది. నగరం చేరాక ఓపిక ఉంటే, 1969లో నౌకాదళంలో చేరి 2001 వరకు సేవలందించిన ఐఎన్‌ఎస్ కుర్సురా జలాంతర్గామిని పిల్లలకు చూపించవచ్చు. లోపల ఒక గది నుంచి మరో గదికి ఇరుకైన గుండ్రటి ద్వారాల గుండా వంగి, కాలెత్తి దాటాలి. మోకాళ్ల నొప్పులున్నవారికి అది తగదు. సోమవారం సెలవన్న సంగతి కూడా గుర్తుంచుకోండి.

ప్రశ్న: విశాఖ చూడడానికి మాకూ ఒక్క రోజే ఉంది. ఆ రోజే సింహాచలంలో సింహాద్రి అప్పన్న దర్శనం కూడా కలుపుకోవచ్చా?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: వద్దు. గుడిలో ఎంతసేపు పడుతుందో ముందుగా చెప్పలేం, పైగా దర్శనాన్ని గడియారం చూసుకుంటూ చేసుకోకూడదు. పశ్చిమ ముఖంగా ఉన్న ఆ ఆలయంలో పదకొండో శతాబ్దం నుంచీ శాసనాలున్నాయి. 1516లో శ్రీకృష్ణదేవరాయలు దర్శించుకున్న స్వామి ఆయన. ముఖమండపంలో భక్తులు కౌగిలించుకుని మొక్కుకునే కప్పస్తంభాన్ని, గోడల మీది శిల్పాన్ని నిదానంగా చూడడానికి వేరే పూట కేటాయించండి. స్వామి చందనం లేని నిజరూపంలో కనిపించేది ఏడాదికి ఒక్కసారి, వైశాఖ శుద్ధ తదియ నాడు. ఆ రోజు దర్శనానికి వెళ్లేవారు ఇక వేరే కార్యక్రమం పెట్టుకోకూడదు. ఆషాఢ పౌర్ణమికి ముందు జరిగే గిరి ప్రదక్షిణ సుమారు 32 కిలోమీటర్ల దారి, కొండ కింద తొలిపావంచా (మొదటి మెట్టు) దగ్గర మొదలై నగరం గుండా సాగుతుంది. ఆ రోజుల్లో నగర యాత్ర పెట్టుకుంటే మీకూ ఇబ్బందే, నడిచే భక్తులకూ ఇబ్బందే.

ప్రశ్న: మా బడి పిల్లలను ఎర్రమట్టి దిబ్బలకు తీసుకువెళ్తున్నాం. గైడు ఏం చెప్పేలా చూసుకోవాలి?
– ఒక ఉపాధ్యాయుడు, విజయనగరం

జవాబు: ఇక్కడ ఏ సినిమాలు తీశారో చెప్పి ఊరుకునే గైడు మీకు చాలడు. మంచుయుగంలో సముద్రం వెనక్కి తగ్గినప్పుడు బయటపడిన ఇసుకను గాలి తెచ్చి ఇక్కడ పోసిందనీ, తూర్పు కనుమల రాళ్లలోని ఇనుము కలిగిన ఖనిజాలు శిథిలమై, ఆ ఇనుము తుప్పులా రేణువులకు పట్టడం వల్ల ఈ రంగు వచ్చిందనీ, తర్వాత వానలు ఈ లోయలను కోశాయనీ చెప్పగలిగినవారు కావాలి. చిటికెడు ఇసుకను అరచేతిలో తడిపి రుద్దమనండి. ఎరుపు చేతికి అంటి, అడుగున లేత రంగు రేణువులు కనిపిస్తాయి. భూతద్దం ఉంటే ఇంకా మంచిది. ఇలాంటి ఎర్ర దిబ్బలు తమిళనాడులోనూ శ్రీలంకలోనూ ఉన్నాయనీ, మన దిబ్బలను 2014లో భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ జాతీయ భూవారసత్వ ప్రదేశంగా గుర్తించిందనీ, 2025లో ఇవి యునెస్కో ప్రపంచ వారసత్వ ప్రదేశాల తాత్కాలిక జాబితాలోకి ఎక్కాయనీ పిల్లలకు చెప్పండి.

ఒక్క విషయంలో మాత్రం కఠినంగా ఉండండి. ఈ గోడలు రాయి కావు, వదులుగా అతుక్కున్న ఇసుక. ఎక్కితే పెళ్లలు విరిగి పడతాయి. పిల్లలకు దెబ్బలు తగులుతాయి, దిబ్బకూ తిరిగి పూడని గాయమవుతుంది. కనుక వాన కురిసిన మర్నాడు వెళ్లవద్దు. నడక లోయల అడుగునే సాగాలి, గోడల మీద పేర్లు చెక్కనివ్వకూడదు. నీడ, మంచినీళ్లు లోపల దొరకవు కాబట్టి సీసాలు, టోపీలు వెంట ఉంచుకుని, ఖాళీ సీసాలన్నీ లెక్కపెట్టి బస్సులోకి తిరిగి ఎక్కించండి.