ఇంటి నుంచి ఆఫీసు కంప్యూటర్‌లోకి: 3389 పోర్టు తెరవొద్దు

ఇంట్లో కూర్చుని ఆఫీసు కంప్యూటర్ వాడుకోవడం ఎలా అనే ప్రశ్న ఎన్నిసార్లు జవాబిచ్చినా మళ్లీ వస్తూనే ఉంది. దానికోసం విండోస్‌లోనే ఉన్న రిమోట్ డెస్క్‌టాప్‌ను ఎక్కడ ఆన్ చెయ్యాలో ఇక్కడ మళ్లీ రాయడం లేదు. అది సెట్టింగ్స్‌లో ఒక స్విచ్, అంతే. బయటి నుంచి కనెక్షన్ వచ్చేందుకు అది మామూలుగా వాడే తలుపు (పోర్టు) నంబరే 3389. ఆ స్విచ్ నొక్కాక ఎదురయ్యే చిక్కులకే ఈ వారం జవాబులు.

ప్రశ్న: మాది విజయవాడలో చిన్న అకౌంట్స్ ఆఫీసు. రాత్రిళ్లు ఇంటి నుంచి ట్యాలీ చూసుకోవాలి. బయటి నుంచి వచ్చే కనెక్షన్ ఆఫీసు కంప్యూటర్‌కు చేరేలా రౌటర్‌లో 3389 పోర్టు ఫార్వర్డ్ చేశాం, అయినా కనెక్ట్ కావడం లేదు. స్టాటిక్ ఐపీ (మారని ఇంటర్నెట్ అడ్రసు) తీసుకోమంటున్నారు. పోర్టు నంబరు 3390కి మారిస్తే భయం లేదని కంప్యూటర్ షాపు అతను చెప్పాడు. నిజమేనా?

కనెక్ట్ కాకపోవడమే మీకు మేలు చేసింది. రౌటర్ పేజీలో వ్యాన్ ఐపీ, అంటే ఇంటర్నెట్ వైపు ఉన్న అడ్రసు, ఎంత ఉందో చూడండి. 100.64 నుంచి 100.127 మధ్య అంకెలతో మొదలైతే, మీ బ్రాడ్‌బ్యాండ్ సంస్థ ఒకే పబ్లిక్ ఐపీని చాలామంది కస్టమర్లకు పంచి ఇస్తోందన్నమాట. దీన్నే సీజీనాట్ అంటారు. బయటి నుంచి వచ్చే కనెక్షన్ మీ రౌటర్ దాకా రానే రాదు కాబట్టి, లోపల ఎన్ని పోర్టులు ఫార్వర్డ్ చేసినా ఫలితం ఉండదు.

స్టాటిక్ ఐపీ తీసుకుంటే కనెక్ట్ అవుతుంది. కానీ ఆ నిమిషం నుంచి ప్రపంచంలో ఎవరైనా మీ ఆఫీసు కంప్యూటర్ పాస్‌వర్డ్‌ను ఊహించి చూడొచ్చు. ఇంటర్నెట్‌లోని ఐపీ అడ్రసులన్నిటినీ ఒకదాని తర్వాత ఒకటి తట్టి చూసే ప్రోగ్రాములు రాత్రింబవళ్లు నడుస్తూనే ఉంటాయి. పోర్టు నంబరు 3390 అయినా, 50000 అయినా, మొదటి జవాబులోనే అక్కడున్నది రిమోట్ డెస్క్‌టాప్ అని వాటికి తెలిసిపోతుంది. షాపు అతని సలహా వల్ల తలుపు తట్టేవాళ్లు కొంత తగ్గుతారేమో గానీ, తలుపు మాత్రం తెరిచే ఉంటుంది.

ఆ తర్వాత పాస్‌వర్డ్‌ల వంతు. అడ్మిన్, యూజర్, అకౌంట్స్, ట్యాలీ వంటి యూజర్ పేర్లు, సంస్థ పేరు పక్కన 123 చేర్చిన పాస్‌వర్డ్‌లు దాడి చేసేవాళ్ల జాబితాలో మొదట్లోనే ఉంటాయి. మన చిన్న ఆఫీసుల్లో చాలా చోట్ల ఉండేవి కూడా అవే. 2022లో వచ్చిన 22హెచ్2 వెర్షన్ నుంచి కొత్తగా ఇన్‌స్టాల్ చేసిన విండోస్ 11లో 10 తప్పు ప్రయత్నాల తర్వాత అకౌంటు 10 నిమిషాలు లాక్ అవుతుంది. పాత విండోస్ మీద అప్‌డేట్ చేసుకుంటూ వచ్చిన మెషీన్లలో ఆ కాపలా దానంతట అదే ఉంటుందని అనుకోకండి. లోకల్ సెక్యూరిటీ పాలసీలో అకౌంట్ లాకౌట్ పాలసీ తెరిచి మీరే పెట్టుకోండి. ఒక్కోసారి పాస్‌వర్డ్‌తో పనే ఉండదు. రిమోట్ డెస్క్‌టాప్‌లో 2019 మేలో బయటపడిన బ్లూకీప్ లోపంతో, ప్యాచ్ వెయ్యని విండోస్ 7లోకీ, ఎక్స్‌పీలోకీ పాస్‌వర్డ్ లేకుండానే చొరబడొచ్చు. ఎప్పుడో సపోర్ట్ ఆపేసిన ఎక్స్‌పీకి కూడా అప్పుడు ప్రత్యేకంగా ప్యాచ్ ఇవ్వాల్సి వచ్చిందంటే దాని తీవ్రత అర్థం చేసుకోండి.

లోపలికి వచ్చినవాడు వెంటనే ఫైళ్ల జోలికి పోడు. ముందు యాంటీవైరస్ ఆపేస్తాడు. విండోస్ దాచుకున్న షాడో కాపీలను, అంటే ఫైళ్ల పాత ప్రతులను, చెరిపేస్తాడు. నెట్‌వర్క్‌లో ఇంకే కంప్యూటర్లున్నాయో చూసుకుంటాడు. అంతా సిద్ధమయ్యాకే, ఎక్కువగా రాత్రిపూటో సెలవు రోజో, డేటా మొత్తం ఎన్‌క్రిప్ట్ చేసి డబ్బు అడుగుతాడు. బ్యాకప్ కోసమని కంప్యూటర్‌కు ఎప్పుడూ తగిలించి ఉంచే యూఎస్‌బీ హార్డ్ డిస్కు కూడా దాంతో పాటే పోతుంది. బ్యాకప్ డిస్కు పని అయ్యాక పీకేసి బీరువాలో పెట్టాలి, లేకపోతే అది బ్యాకప్పే కాదు. ఇలాంటి దాడి జరిగితే తెలిసిన 6 గంటల్లోగా కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కు తెలపాలని 2022 ఏప్రిల్ ఆదేశాలు చెబుతున్నాయి. ఇది పెద్ద కంపెనీల గొడవలే అని చిన్న ఆఫీసులు వదిలెయ్యకూడదు.

ఇప్పుడు చెయ్యాల్సింది. రౌటర్‌లో ఫార్వర్డింగ్ తీసెయ్యండి, ప్రోగ్రాములు తమంతట తామే పోర్టులు తెరుచుకోనిచ్చే యూపీఎన్‌పీ కూడా ఆపెయ్యండి. ఇంటి కంప్యూటర్, ఆఫీసు కంప్యూటర్ రెండింటినీ ఒక ప్రైవేట్ నెట్‌వర్క్‌లోకి తెచ్చి, రిమోట్ డెస్క్‌టాప్ ఆ లోపలే నడిచేలా చూడండి. ఆఫీసు రౌటర్‌లో ఇలాంటి ప్రైవేట్ నెట్‌వర్క్ (వీపీఎన్) ఏర్పాటు చేసే వైర్‌గార్డ్ ఉండి, పబ్లిక్ ఐపీ ఉంటే అది చాలు. సీజీనాట్ వెనక ఉన్నవాళ్లకు టెయిల్‌స్కేల్, జీరోటియర్ లాంటివి పనికొస్తాయి. రెండు వైపులా ఇన్‌స్టాల్ చేసి ఒకే అకౌంటు కింది నెట్‌వర్క్‌లో చేరిస్తే, పోర్టు తెరవకుండానే రెండు మెషీన్లూ ఒకదాన్నొకటి చూసుకుంటాయి. ఆ అకౌంటుకు టూ స్టెప్ వెరిఫికేషన్ తప్పనిసరి, ఎందుకంటే ఇప్పుడు అసలు తాళం అదే.

టెయిల్‌స్కేల్ పెట్టినవాళ్లు మర్చిపోయేవి రెండున్నాయి. ఒకటి, ఆఫీసు మెషీన్‌లో రన్ అనటెండెడ్ ఆప్షన్ పెట్టాలి. లేకపోతే అది రీస్టార్ట్ అయ్యాక ఎవరైనా లాగిన్ అయ్యేదాకా నెట్‌వర్క్‌లోకి రాదు. రెండు, మెషీన్‌ను నెట్‌వర్క్ గుర్తుపట్టే కీ గడువు మామూలుగా 180 రోజులు. ఆరు నెలలు చక్కగా నడిచి ఒక రోజు హఠాత్తుగా ఆగిపోయిందంటే మొదట అదే చూడండి. ఆఫీసు మెషీన్ ఒక్కదానికి అడ్మిన్ పేజీలో కీ ఎక్స్‌పైరీ ఆపుకోవచ్చు.

చివరగా విండోస్ డిఫెండర్ ఫైర్‌వాల్ అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో ఇన్‌బౌండ్ రూల్స్ తెరవండి. అందులో రిమోట్ డెస్క్‌టాప్ యూజర్ మోడ్ అనే టీసీపీ, యూడీపీ రూల్స్ రెండూ ఉంటాయి. రెండింటికీ ప్రాపర్టీస్, స్కోప్‌లోకి వెళ్లి రిమోట్ ఐపీ అడ్రస్ దగ్గర మీ ప్రైవేట్ నెట్‌వర్క్ రేంజి మాత్రమే రాయండి. టెయిల్‌స్కేల్‌కైతే అది 100.64.0.0/10. నెట్‌వర్క్ లెవెల్ ఆథెంటికేషన్ టిక్ తియ్యకండి. పాత కంప్యూటర్ నుంచి కనెక్ట్ కావడం లేదని దాన్ని తీసేసేవాళ్లు చాలామంది. అది తీసేస్తే పాస్‌వర్డ్ అడగకముందే లాగిన్ తెర బయటివాళ్లకు కనిపిస్తుంది.

ఇన్నాళ్లూ పోర్టు తెరిచే ఉంచినవాళ్లు ఈవెంట్ వ్యూయర్‌లో సెక్యూరిటీ లాగ్ చూడండి. 4625 నంబరు ఈవెంట్లు విఫలమైన లాగిన్లు. మీరు నిద్రపోతున్న వేళల్లో అవి వరసగా ఉంటే ఎవరో పాస్‌వర్డ్‌లు ఊహిస్తున్నారు. అసలు భయపడాల్సింది 4624, లాగాన్ టైప్ 10 అని ఉండే వాటికి. అంటే బయటి నుంచి ఎవరో విజయవంతంగా లోపలికి వచ్చారు. ఆ టైములో వచ్చింది మీరు కాకపోతే కేబుల్ పీకి, ఆ మెషీన్‌ను ఫార్మాట్ చేయించండి. పాస్‌వర్డ్ మార్చడం ఒక్కటే సరిపోదు.

ప్రశ్న: రోజూ పిన్ నంబరుతోనే కంప్యూటర్ తెరుస్తాను. రిమోట్ డెస్క్‌టాప్‌లో మాత్రం అదే పిన్, ఆ తర్వాత మైక్రోసాఫ్ట్ పాస్‌వర్డ్ ఇచ్చినా తప్పంటోంది.

పిన్ ఆ మెషీన్ ముందు కూర్చున్నవాళ్లకే, ఇక్కడ చెల్లదు. పాస్‌వర్డ్ సరైనదే అయినా ఆఫీసు కంప్యూటర్‌లో దాన్ని ఎప్పుడూ వాడకపోతే ఆ మెషీన్‌కు అది తెలియదు. ఆఫీసుకెళ్లినప్పుడు సైన్ ఇన్ ఆప్షన్స్‌లో విండోస్ హలో మాత్రమే అనుమతించే స్విచ్ ఆపి, స్క్రీన్ లాక్ చేసి, ఒక్కసారి పాస్‌వర్డ్‌తో లోపలికి రండి. ఇంటి నుంచి పని చేస్తుంది. ఇంతకంటే మంచి పద్ధతి, రిమోట్ కోసమే అడ్మిన్ హక్కులు లేని లోకల్ అకౌంట్ తయారు చేసి, 16 అక్షరాలకు తగ్గని పాస్‌వర్డ్ పెట్టి, రిమోట్ డెస్క్‌టాప్ యూజర్స్ జాబితాలో చేర్చడం. పాస్‌వర్డ్ ఖాళీగా వదిలేసిన అకౌంటును విండోస్ రానివ్వదు, అది మంచిదే.

ఆఫీసు కంప్యూటర్‌లో హోమ్ ఎడిషన్ ఉంటే ఇదంతా కుదరదు, ప్రో కావాలి. ఇంటి వైపు హోమ్ ఉన్నా ఫర్వాలేదు. హోమ్‌ను ప్రోలా మార్చేస్తామనీ, ఒకే మెషీన్‌లో ఇద్దరు ముగ్గురు ఒకేసారి పని చేసుకోవచ్చనీ చెప్పే ప్యాచ్ ఫైళ్ల జోలికి వెళ్లకండి. అవి విండోస్ రిమోట్ సర్వీసునే మార్చేస్తాయి, ప్రతి అప్‌డేట్‌కూ చెడిపోతాయి, లైసెన్సుకు విరుద్ధం కూడా.

ప్రశ్న: కాకినాడలో ఆఫీసు. కరెంటు పోయి వచ్చాక కంప్యూటర్ ఆన్ కాదు. నెట్‌వర్క్‌లో సందేశం పంపి కంప్యూటర్‌ను లేపే వేక్ ఆన్ ల్యాన్ పెట్టినా లేవడం లేదు.

విండోస్ మొదలవకముందే తెరుచుకునే బయోస్ సెట్టింగుల్లో రిస్టోర్ ఆన్ ఏసీ పవర్ లాస్ లేదా ఏసీ బ్యాక్ అని ఉంటుంది. దాన్ని పవర్ ఆన్‌కు మార్చండి. యూపీఎస్ ఉన్నచోట ఒక చిక్కుంది. బ్యాటరీ తగ్గగానే యూపీఎస్ సాఫ్ట్‌వేర్ కంప్యూటర్‌ను షట్‌డౌన్ చేస్తుంది. బ్యాటరీ పూర్తిగా అయిపోకముందే కరెంటు వచ్చేస్తే, కంప్యూటర్ లెక్కలో పవర్ పోనేలేదు. అందుకే లేవదు. షట్‌డౌన్ తర్వాత యూపీఎస్ తన అవుట్‌పుట్ కూడా కట్ చేసేలా దాని సాఫ్ట్‌వేర్‌లోనే పెట్టాలి.

వేక్ ఆన్ ల్యాన్‌కు వైఫై కాదు, కేబుల్ కావాలి. పవర్ ఆప్షన్స్‌లో ఫాస్ట్ స్టార్టప్ తీసెయ్యాలి. లేపే సందేశం సాధారణంగా ఆ ఆఫీసు నెట్‌వర్క్ దాటి పనిచేయదు కాబట్టి, ఇంటి నుంచి వీపీఎన్‌లో పంపితే చేరదు. అక్కడే ఎప్పుడూ ఆన్‌లో ఉండే రౌటరో చిన్న బోర్డు కంప్యూటరో దాన్ని పంపాలి. నెట్‌వర్క్ డ్రైవర్ అప్‌డేట్ అయినప్పుడల్లా డివైస్ మేనేజర్‌లో కంప్యూటర్‌ను లేపడానికి అనుమతించే టిక్ ఉందో లేదో చూసుకోండి. వాడేవాడు పెట్టుకున్న సెట్టింగును అప్‌డేట్ చెరిపెయ్యడం, కనీసం చెప్పకపోవడం ఎవరు చేసినా నిర్లక్ష్యమే. పని అయ్యాక అలవాటుగా షట్‌డౌన్ నొక్కారంటే మర్నాడు ఎవరో ఆఫీసుకెళ్లి బటన్ నొక్కాల్సిందే. రిమోట్ డెస్క్‌టాప్ విండో మూసేస్తే చాలు, తెరిచిన ఫైళ్లు అలాగే ఉంటాయి.

ప్రశ్న: వరంగల్‌లో టెండర్లు వేస్తుంటాం. డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ ఆఫీసు కంప్యూటర్‌కే పెట్టి ఉంది. రిమోట్‌లో సైట్ దాన్ని గుర్తించదు.

విండోస్ దృష్టిలో ఆ టోకెన్ ఒక స్మార్ట్ కార్డు. రిమోట్ డెస్క్‌టాప్‌లో ఉన్నప్పుడు విండోస్ స్మార్ట్ కార్డును మీరు కూర్చున్న కంప్యూటర్‌లో వెతుకుతుంది, అక్కడి యూఎస్‌బీలో కాదు. టోకెన్ ఇంటికి తెచ్చుకుని ఇక్కడే పెట్టండి. కనెక్ట్ అయ్యేముందు లోకల్ రిసోర్సెస్, మోర్‌లో స్మార్ట్ కార్డ్స్ టిక్ ఉండాలి. టోకెన్ డ్రైవర్ రెండు కంప్యూటర్లలోనూ వెయ్యాలి. ఆఫీసు మెషీన్‌కే వదిలేసి వేరే స్క్రీన్ షేరింగ్ యాప్‌తో సంతకం పెట్టే దారి కూడా ఉంది. వద్దు. లోపలికి వచ్చినవాడికి పిన్ తెలిస్తే మీ సంతకం వాడి చేతిలో ఉన్నట్టే.

అదే పేజీలో డ్రైవ్స్ టిక్ మాత్రం తీసెయ్యండి. అది ఉంటే ఇంటి కంప్యూటర్ డిస్కులు అటు మెషీన్‌కు కనిపిస్తాయి. 2024 అక్టోబరులో ఈమెయిల్‌లో ఆర్‌డీపీ ఫైళ్లు (తెరిస్తే రిమోట్ డెస్క్‌టాప్ కనెక్షన్ మొదలయ్యేవి) పంపి సరిగ్గా ఇదే దారిలో డిస్కులు, క్లిప్‌బోర్డు దొంగిలించిన దాడి బయటపడింది. మీరు తయారు చేసుకోని ఆర్‌డీపీ ఫైలును ఎవరు పంపినా తెరవకండి.

ప్రశ్న: సాఫ్ట్‌వేర్ కంపెనీలో పని. వీపీఎన్ నెమ్మదిగా ఉంది. ఆఫీసు కంప్యూటర్‌లో ఫ్రీ రిమోట్ యాప్ ఏదైనా పెట్టుకోవచ్చా? ఐటీ వాళ్లకు తెలియదులెండి.

వద్దు. తెలుస్తుంది, ఉద్యోగానికి ముప్పు కూడా. నెమ్మది అంటున్నారు గనక ముందు కనెక్షన్ విండోలో ఎక్స్‌పీరియన్స్ పేజీకి వెళ్లి లో స్పీడ్ బ్రాడ్‌బ్యాండ్ ఎంచుకోండి, ఇంటి వైఫై మానేసి కేబుల్ వెయ్యండి. రిమోట్‌కు ఎంబీపీఎస్‌ల కంటే ఆలస్యం తక్కువగా ఉండటం ముఖ్యం. అప్పటికీ నెమ్మదిగానే ఉంటే ఐటీ విభాగానికి రాతపూర్వకంగా చెప్పండి.

ఈ ఫ్రీ యాప్‌ల తయారీ మీదే పెద్ద అభ్యంతరం ఉంది. ఎవరూ లేనప్పుడు కూడా లోపలికి రానిచ్చే శాశ్వత పాస్‌వర్డ్ పెట్టుకోవడం వాటిలో చాలా తేలిక. తెరను ఎవరో చూస్తున్నారని చెప్పే గుర్తు మాత్రం మూలన ఎక్కడో చిన్నగా ఉంటుంది. కస్టమర్ కేర్ అని ఫోన్ చేసి, కోడ్ చెప్పమని, బ్యాంకు ఖాతాలు ఊడ్చేసే ముఠాలకు కావాల్సింది సరిగ్గా ఇదే. ఇలాంటి యాప్‌తో యూపీఐ మోసాలు జరుగుతున్నాయని రిజర్వ్ బ్యాంకు 2019 ఫిబ్రవరిలోనే బ్యాంకులను హెచ్చరించింది. అన్నేళ్లయినా, మొదటిసారి ఎవరో కనెక్ట్ అవుతుంటే తెరంతా నింపే హెచ్చరిక చూపించి, పది సెకన్లు ఆగి, అప్పుడు మాత్రమే అనుమతి అడిగే డిజైన్‌ను చాలా యాప్‌లు ఇవ్వవు. కనెక్ట్ కావడం ఎంత తేలికైతే అంత గొప్ప అని వాళ్లు అమ్ముకుంటారు. తెలియని మనిషికి అడ్డంకి పెట్టడం కూడా డిజైన్‌లో భాగమే కదా!

ఇంట్లో అమ్మానాన్నల ఫోన్లో, కంప్యూటర్లో ఎప్పుడో ఎవరో పెట్టిన ఇలాంటి యాప్ ఉందేమో ఈరోజే చూడండి. ముందు శాశ్వత పాస్‌వర్డ్ ఆప్షన్ తీసేసి, తర్వాత అన్‌ఇన్‌స్టాల్ చేసి, రీస్టార్ట్ చెయ్యండి. ఎవరికైనా కోడ్ చెప్పేసి ఉంటే నెట్ ఆపి, బ్యాంకుకు ఫోన్ చేసి, వెంటనే 1930కి ఫిర్యాదు చెయ్యండి.