కోటింగ్ రాశాక వైపర్ దడదడలాడుతుంటే

కారు ముందు అద్దానికి రెయిన్ రిపెల్లెంట్ (వాన నీళ్లు నిలవకుండా చుక్కలుగా జారిపోయేలా రాసే మందు) కోటింగ్ రాశాక వైపర్ టకటకా ఎగురుతోందని, రాత్రి ఎదురు లైట్లకు అద్దం మసకగా ఉంటోందని అడిగారు కదా. బ్లేడ్లు అప్పుడే మార్చేయకండి. ఆ మసకను బట్టి చూస్తే, పాత జిడ్డు పోకుండానే పైన కోటింగ్ పడి ఉండాలి, లేదా ఎక్కువైన మందును పూర్తిగా తుడిచి ఉండరు.

ముందు తడి మైక్రోఫైబర్ గుడ్డతో తుడిచి, పొడి గుడ్డతో గట్టిగా రుద్దండి. చాలాసార్లు దీంతోనే పోతుంది. పోకపోతే సీరియం ఆక్సైడ్ (అద్దాన్ని రుద్దడానికి వాడే మెత్తటి పొడి) ఉన్న గ్లాస్ పాలిష్‌తో పొరంతా తీసేయాలి. నీళ్లు పోసినప్పుడు చుక్కలు కట్టకుండా పల్చగా పరుచుకుంటే అద్దం శుభ్రమైనట్టే. అప్పుడు నీడలో, చల్లటి అద్దం మీద, కొంచెం కొంచెంగా మళ్లీ రాయండి. ఎండకు కాలిన అద్దం మీద రాస్తే మందు చకచకా ఆరిపోయి చారలు పడతాయి. వైపర్ రబ్బరు అంచును కూడా తడిగుడ్డతో తుడవండి, గుడ్డకు నలుపు అంటడం తగ్గేదాకా.

అద్దం లోపలి వైపు ఇది రాయొద్దు, ఆవిరి పట్టకుండా వాడే మందు వేరు. ఇంకోటి, సిటీ ట్రాఫిక్‌లో పెద్ద తేడా ఆశించకండి. గాలికి చుక్కలు వాటంతటవే పైకి జారిపోవాలంటే బండి గంటకు సుమారు 60 కిలోమీటర్ల పైన వెళ్లాలి. డోర్ అద్దాలకైతే వైపర్ గొడవే లేదు, టెన్షన్ లేకుండా రాసుకోవచ్చు.